ప్రేమగా అడిగిన మాటలు

జెర్సీ సిటీలో నేనుండే అపార్ట్‌మెంట్ కిటికీలోంచి చూస్తే ఎదురుగా మరో టవర్ కనిపిస్తుంది. సెలవు రోజుల్లో ఆ కిటికీల్లో మనుషులు కాఫీ కప్పులు పట్టుకుని తిరుగుతుంటారు. వాళ్ళెవరో నాకు తెలియదు. మా అంతస్తులో పక్క తలుపు వాళ్ళెవరో కూడా సరిగా తెలియదు. లిఫ్టులో ఎదురైతే చలి గురించి ఒక మాట అనుకుని ఎవరి తాళం వాళ్ళం తీసుకుంటాం. వారమంతా ట్రైనెక్కి మన్‌హట్టన్ వెళ్ళి, ఒక బ్యాంకు ప్రాజెక్టులో టెస్టింగ్ పని చేసుకుని, మళ్ళీ ట్రైనెక్కి ఇంటికొస్తాను. నాకు పెళ్ళి కుదరలేదు. కుదరలేదని బాధపడే వయసు కూడా దాటిపోయింది. ఇంట్లో నేను గొంతు విప్పి తెలుగు మాట్లాడేది ప్రార్థన చేసుకునేటప్పుడే.

అలాంటి నాకు మా తెలుగు చర్చిలో ఒక అన్నయ్య, ఒక వదిన దొరికారు. రక్తసంబంధం ఏమీ లేదు. వాళ్ళది భీమవరం వైపు, మాది నర్సాపురం దగ్గర. మా సంఘానికి సొంత మందిరం లేదు. ఒక అమెరికన్ చర్చి వాళ్ళ ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం పూట వాళ్ళ హాలు అద్దెకు తీసుకుంటాం. నేను మొదటిసారి వెళ్ళిన రోజు, ఆరాధన ముగిశాక వర్షంలో బస్సు కోసం నిలబడి ఉంటే ఒక పాత కారు వచ్చి ఆగింది. ముందు సీట్లోంచి ఒకావిడ అద్దం దించి, "ఎక్కమ్మా, ఆదివారం బస్సు ఎప్పుడొస్తుందో ఏంటో" అంది. నా వైపు తలుపు సొట్టపడి ఉంది, తెరుచుకోలేదు. ఆవిడ భర్త వానలో దిగి, చుట్టూ తిరిగి వచ్చి, అవతలి తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఏ ఊరమ్మా మనది?" అని అడిగాడు దారిలో.

చెప్పాను.

"అయితే మన పిల్లవే" అన్నాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళు నా ఆదివారాలన్నీ వాళ్ళవే. ఆరాధనకి తీసుకెళ్ళేదీ వాళ్ళే, తిరిగి దింపేదీ వాళ్ళే. మధ్యలో వాళ్ళింట్లో భోజనం. అప్పుడు వాళ్ళది రెండు గదుల అపార్ట్‌మెంట్. చేపల పులుసు మర్నాటికే రుచి వస్తుందని వదిన శనివారమే చేసి ఉంచేది. కూతురు కాలిఫోర్నియాలో చదువుకుంటోంది. సెలవులకి కూడా తక్కువే వచ్చేది. ఆ అమ్మాయి గదిలో మంచం మీద నేను మధ్యాహ్నం కాసేపు పడుకునేదాన్ని. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళెవరినైనా ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చేవాళ్ళు లేకపోతే అన్నయ్య వెళ్ళేవాడు. పరుపు కావాలంటే తన కారు మీదే కట్టి తెచ్చేవాడు. కాలేజీ రోజుల్లో నాటకాలు వేసేవాడట, గొంతు చాలా బాగుండేది. పాట అందుకుంటే హాలు చివర పిల్లలతో సతమతమయ్యే తల్లులు కూడా అటు తిరిగేవాళ్ళు.

అన్నయ్యకి ఊళ్ళో ఒక అక్క ఉంది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. తండ్రి తొందరగా పోవడంతో తమ్ముణ్ణి చదివించే బరువు ఆవిడ మీద పడింది. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఈ సంగతి అన్నయ్య ఎప్పుడూ దాచలేదు. ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడల్లా, "మా అక్క నైట్ డ్యూటీలు చేసింది, నేను ఇంజినీరునయ్యాను" అనేవాడు. ఆవిడ ప్రతి వారం మా ఆరాధన ఆన్‌లైన్‌లో చూసేది. పాట పాడబోయే ముందు అన్నయ్య కెమెరా వైపు చూసి చిన్నగా తలూపేవాడు. అది అక్కకని మా అందరికీ తెలుసు.

మార్పు ఎప్పుడు మొదలైందో చెప్పడం కష్టం. ముందు వాళ్ళు ఒక టౌన్‌హౌస్ కొనుక్కున్నారు. సంఘమంతా వెళ్ళి కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం, సంతోషించాం. కొన్నాళ్ళకి దాన్ని అద్దెకిచ్చి ఇంకోటి కొన్నారు. తర్వాత అన్నయ్య చేతిలో ఫోన్ ఎప్పుడూ ఇళ్ళ బొమ్మలతోనే ఉండేది. పాస్టరు గారు వాక్యం చెబుతుంటే ఒడిలో పెట్టుకుని వేలితో జరుపుతూ ఉండేవాడు. ఆరాధన అయ్యాక కాఫీ దగ్గర మగవాళ్ళందరూ వడ్డీ రేట్ల గురించే మాట్లాడేవాళ్ళు. వాళ్ళ మధ్యలో ఆయన గొంతే వినబడేది.

ఇంటికి వచ్చే దారిలో ఎక్కడ అమ్మకానికి పెట్టిన ఇంటి ముందు ఓపెన్ హౌస్ బోర్డు కనబడినా కారు ఆపేవాడు. కొనేది ఉన్నా లేకపోయినా లోపలికి వెళ్ళి చూడాల్సిందే. వదిన విసుక్కుంటూ కారులోనే కూర్చునేది. నేను ఆయనతో వెళ్ళేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ తిరుగుడు నాకు బాగానే ఉండేది, ఇంటికి చేరడం కాస్త ఆలస్యమయ్యేది కాబట్టి. ఎవరివో వంటగదులు, ఎవరివో పిల్లల మంచాలు. అన్నయ్య అలమరలు తెరిచి చూసేవాడు, గోడలు తట్టి చూసేవాడు. అన్నిటికంటే పెద్ద పడకగదిలోకి వెళ్ళి మధ్యలో కాసేపు ఊరికే నిలబడేవాడు.

ఒకసారి ఒక ముసలావిడ ఇంటికి వెళ్ళాం. ఆవిడ సామాను ఇంకా తీయలేదు. కిటికీ దగ్గర కుర్చీ, దాని మీద సగం అల్లిన స్వెటర్ ఉన్నాయి. ఆవిడని వృద్ధుల హోముకి పంపిస్తున్నారని ఏజెంటు చెప్పింది. బయటికి వచ్చాక అన్నయ్య నాతో, "వీళ్ళు తొందరలో ఉన్నారమ్మా. తొందరలో ఉన్నవాళ్ళ దగ్గరే కొనాలి" అన్నాడు. ఆ స్వెటర్ కేసి ఆయన ఒక్కసారైనా చూశాడో లేదో అనుకున్నాను.

ఆ ఏడాది క్రిస్మస్ ప్రోగ్రాంకి నాటకం రాయమని పాస్టరు గారు నన్ను అడిగారు. సండే స్కూలు పిల్లల కోసం చిన్న చిన్న స్కిట్‌లు రాస్తానని ఆయనకు తెలుసు.

"గొర్రెల కాపరులు, జ్ఞానులు ప్రతి ఏడూ వేస్తున్నాం కదమ్మా. ఈసారి మన బతుకులోది ఏదైనా రాయండి" అన్నారు.

ఆశ గురించి రాయాలనిపించింది. ఎవరినీ మనసులో పెట్టుకోలేదు. మా జిల్లాలో చిన్నప్పుడు చూసిన రైసు మిల్లులు గుర్తొచ్చాయి. కథ చిన్నది. ఒక మిల్లు యజమాని ఉంటాడు. ధాన్యం పెట్టడానికి ఉన్న గోడౌను చాలదు, ఇంకా పెద్దది కట్టాలి. పక్కన ఒక విధవరాలి స్థలం ఉంటుంది. ఆవిడకి ఉన్న ఆధారం అదొక్కటే. దాన్ని ఎలాగో రాయించుకుని గోడౌను కడతాడు. కొత్త గోడౌను నిండుతుంది. క్రిస్మస్ రాత్రి పెద్ద భోజనం చేయించి ఊళ్ళో వాళ్ళందరినీ పిలుస్తాడు, ఒక్కరూ రారు. విస్తళ్ళ ముందు ఒక్కడే కూర్చుంటాడు. ఆ చివరి సీను రాయడానికి నేను పెద్దగా ఊహించాల్సిన అవసరం లేకపోయింది.

మిల్లు యజమాని వేషం అన్నయ్య కాక ఇంకెవరు వేస్తారు? విధవరాలి వేషానికి వరంగల్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఒప్పుకుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హుషారైన పిల్ల. తలకి తెల్ల పౌడరు రాసుకుంటానంది. హాలు కింద ఉన్న బేస్‌మెంట్‌లో రిహార్సల్స్ పెట్టుకున్నాం. వదిన అందరికీ పులిహోర చేసి తెచ్చి, ఒక మూల కుర్చీలో కూర్చుని బట్టలకు అంచులు కుట్టేది.

స్థలం అడిగే సీనులో నేను ఇలా రాశాను: "నీ స్థలం నాకు అడ్డంగా ఉంది. మర్యాదగా ఇస్తావా, కోర్టుకి ఈడ్చమంటావా?" అన్నయ్య అది చదివి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇలా అడిగితే ఎవరిస్తారమ్మా?" అన్నాడు నవ్వుతూ. "బెదిరిస్తే మనిషి బిగుసుకుపోతుంది. ప్రేమగా అడగాలి. ఉండు, నేను చేసి చూపిస్తాను."

ఆ అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి తను నేల మీద కూర్చున్నాడు. ఆమె మోకాళ్ళ కేసి చూస్తూ మొదలుపెట్టాడు.

"అక్కా, అన్నం తిన్నావా? మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? మందు వేసుకుంటున్నావా లేదా? నువ్వు వేసుకోవు, నాకు తెలుసు. అందరికీ మందులిచ్చి నీ సంగతి మర్చిపోతావు. ఈ వయసులో నీకీ హద్దుల గొడవలు, పన్నులు కట్టడాలు ఎందుకక్కా? నేను లేనా? కాగితం మీద పేరు ఎవరిదైతే ఏముంది? తినేది ఇద్దరమే కదా. అమ్మ ఉంటే ఏమనేది? తమ్ముడికి కాక ఎవరికిస్తావే అనేది. నాకు మాత్రం నువ్వు తప్ప ఎవరున్నారు?"

చివరి మాట దగ్గర ఆయన గొంతు సన్నగా వణికింది. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని, "అన్నా, ఇట్ల అడిగితే కాదని ఎట్ల అంటరు ఎవరైనా? నాకైతే నిజంగనే ఇచ్చేయాలనిపిస్తోంది" అంది.

నేను రాసిన దానికంటే అది ఎంతో బాగుంది. ఒక్కటే అనుమానం వచ్చింది.

"అన్నయ్యా, అమ్మ ఉంటే అంటున్నారు. వీళ్ళిద్దరూ తోబుట్టువులు కాదు కదా? మందులివ్వడమేంటి, ఆవిడ నర్సు కూడా కాదు."

ఆయన ఒక్క క్షణం తడబడ్డాడు. "అదే... ఊళ్ళో వరసకి అక్క అన్నమాట. ఏదో ఫ్లోలో వచ్చేసింది. ఆ మందుల మాట తీసేయ్, మిగతాది ఉంచు" అన్నాడు.

నేను మూలకు చూశాను. వదిన కుర్చీ ఖాళీగా ఉంది. కుడుతున్న బట్ట కుర్చీ మీద పడేసి ఉంది. రిహార్సల్ అయ్యాక పార్కింగ్‌కి వెళితే ఆవిడ కారులో కూర్చుని ఉంది, అంత చలిలో హీటరు కూడా వేసుకోకుండా.

తర్వాతి ఆదివారం భోజనాలయ్యాక అన్నయ్య ఎవరో ప్లంబరుతో ఫోన్‌లో మాట్లాడుతూ పైకి వెళ్ళాడు. నేను గిన్నెలు తుడుస్తున్నాను. వదిన కుళాయి కట్టేసింది.

"ఆ మాటలు నీ నాటకంలోంచి తీసేయమ్మా" అంది.

"ఎందుకు వదినా? అందరికీ నచ్చాయి."

"అవి ఈయన కల్పించిన మాటలు కాదు. వాళ్ళక్కతో ఫోన్‌లో చెప్పిన మాటలు. నేను పక్కనే కూర్చుని విన్నాను, రోజూ విన్నాను. ఒక్క అక్షరం పొల్లుపోలేదు."

మెల్లగా చెప్పింది వదిన. ఊళ్ళో వాళ్ళ నాన్నగారి కొబ్బరితోట ఉంది. అందులో సగం అక్కది. రిటైరయ్యాక ఆ సగంలో రెండు గదులు వేసుకుని ఉందామని ఆవిడ ఎప్పటినుంచో అనుకుంటోంది, ఇప్పటికీ ఆసుపత్రి వెనకాల అద్దె గదిలోనే ఉంటోంది. ఈలోగా తోట పక్కనుంచి రోడ్డు వెడల్పు చేశారు, ధర పెరిగింది. మొత్తం తోట కలిపి అమ్మితేనే మంచి ధర వస్తుందని అన్నయ్యకి ఎవరో చెప్పారు. అంతవరకూ పండగకో పుట్టినరోజుకో ఫోన్ చేసేవాడు, అప్పటినుంచి రోజూ చెయ్యడం మొదలుపెట్టాడు. చివరికి ఆవిడ తన వాటా వదులుకుంటున్నట్టు సంతకం పెట్టింది. తోట అమ్మేశారు. ఆ డబ్బు ఇక్కడ ఇంకా చేరని కొత్త పెద్ద ఇంటికి కట్టారు.

"మాకిప్పుడు ఇళ్ళకి కొదవా?" అంది వదిన. "అమ్మాయి కాలేజీనుంచి వచ్చి ఉండేది ఏడాదికి నాలుగు రోజులు. ఎవరి కోసం అని అడిగితే నీకేమీ తెలీదంటాడు." చేతులు తుడుచుకుంటూ, "ఆవిడ ప్రోగ్రాం చూస్తుందమ్మా. తెల్లారుజామున లేచి కూర్చుని చూస్తుంది. వాళ్ళ తమ్ముడి వేషమంటే చూడకుండా ఉంటుందా?" అంది.

ఆ సాయంత్రం వదిన రాలేదు, అన్నయ్య ఒక్కడే నన్ను దింపడానికి వచ్చాడు. సగం దారి దాటాక, పాత డైలాగులే ఉంచుదామని అన్నాను.

ఆయన వెంటనే అర్థం చేసుకున్నాడు. "మీ వదిన చెప్పిందా?"

"అక్కగారు చూస్తారు కదన్నయ్యా."

"చూస్తే?" అన్నాడు. కోపం లేదు గొంతులో. "నేనేమైనా దొంగతనం చేశానా? బలవంతం చేశానా? నవ్వుతూ పెట్టింది సంతకం. నెలనెలా నేను పంపిస్తూనే ఉన్నాను. ఆలోచించు నువ్వే. ఆవిడకి పిల్లలా, జెల్లలా? తర్వాతైనా నాకే కదా వచ్చేది. ముందు తీసుకున్నానంతే. ఎవరూ లేని మనిషికి ఆస్తి ఎందుకమ్మా?"

ఆ మాట ఎవరితో అన్నాడో ఆయనకి అప్పుడు తట్టింది. స్టీరింగ్ మీద వేళ్ళు సర్దుకున్నాడు. "నిన్ను కాదమ్మా నేనన్నది" అన్నాడు.

"పర్లేదన్నయ్యా" అన్నాను.

మా బిల్డింగు ముందు కారు ఆగాక, దిగబోతుంటే, "సరే, నువ్వు రాసినట్టే చెబుతాలే" అన్నాడు. పైకి వెళ్ళి లైటు వేసి చాలాసేపు కోటు విప్పకుండా కూర్చున్నాను. నా పేరున ఒక చిన్న అపార్ట్‌మెంట్ కొనుక్కుందామని ఆ ఏడాదంతా అనుకుంటూ ఉన్నాను. ఎవరూ లేని మనిషికి ఎందుకు అన్న మాట చెవుల్లోంచి పోలేదు. ఆ తర్వాత కొనే ఆలోచన మానేశాను. ఆ మాట వల్లే మానేశానని ఎవరికీ చెప్పలేదు.

క్రిస్మస్ ప్రోగ్రాం రోజు సాయంత్రం హాలు కిటకిటలాడింది. మిగతా తెలుగు సంఘాల వాళ్ళు కూడా వచ్చారు. కుర్చీలు చాలక యువకులు గోడలకు ఆనుకుని నిలబడ్డారు. నేను తెర పక్కన స్క్రిప్టు పట్టుకుని నిలబడ్డాను, ఎవరైనా మర్చిపోతే అందించడానికి. కెమెరా హాలు మధ్యలో స్టాండు మీద ఉంది, దాని చిన్న ఎర్ర లైటు వెలుగుతోంది.

స్థలం అడిగే సీను వచ్చింది. అన్నయ్య పంచె సర్దుకుంటూ స్టేజీ మీదికి వచ్చాడు. నిలబడి గద్దించాల్సిన చోట ఆగాడు. జనాన్ని చూశాడు. అంతమంది ఎదుట నిలబడి ఆయనకి చాలా ఏళ్ళయి ఉంటుంది. తర్వాత మెల్లగా వచ్చి నేల మీద కూర్చున్నాడు. అప్పుడే నాకు తెలిసిపోయింది.

"అక్కా, అన్నం తిన్నావా?" అన్నాడు.

మొత్తం చెప్పాడు. మందుల మాట కూడా వదల్లేదు. రిహార్సల్‌లో కంటే మెత్తగా, మధ్య మధ్య ఆగుతూ చెప్పాడు. ఆ అమ్మాయి ఎప్పటిలాగే ఏడుస్తూ, "నువ్వడిగితే కాదంటానా తమ్ముడూ" అంది. హాలులో ముక్కులు ఎగబీల్చుకునే చప్పుడు వినిపించింది. చప్పట్లు మోగాయి. మోసం చేస్తున్న సీనుకి చప్పట్లు పడ్డాయి. చివర్లో మిల్లు యజమాని విస్తళ్ళ ముందు ఒంటరిగా కూర్చునేసరికి ముందు వరసలో ఒక పెద్దావిడ, "పాపం, అంత మంచివాడికి ఎంత కష్టం వచ్చింది" అంది. నా కథ ఎటు పోయిందో నాకే అర్థం కాలేదు. వదిన ముందు వరసలోనే కూర్చుని ఉంది. చేతులు ఒడిలో పెట్టుకుని నేల కేసి చూస్తోంది.

భోజనాల దగ్గర అందరూ అన్నయ్య చుట్టూ మూగారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. మధ్యలో ఫోన్ తీసి చూసుకుని పక్కకు వెళ్ళాడు. చెవి దగ్గర పెట్టుకుని ఏదో విన్నాడు. మళ్ళీ విన్నాడు. తర్వాత భోజనం చెయ్యలేదు. కోటు వేసుకుని వెళ్ళి కారు స్టార్ట్ చేశాడు. ఆ రోజు నన్ను వరంగల్ అమ్మాయి దింపింది.

అక్క వాయిస్ మెసేజ్ పంపిందట. వదిన తర్వాత చెప్పింది. "తమ్ముడు బాగా చేశాడు. మాటలన్నీ గుర్తు పెట్టుకున్నాడు." అంతే. కోపంగా అన్నది కాదట. ఎప్పటి గొంతేనట.

కొత్త సంవత్సరం వచ్చాక వాళ్ళు ఆ పెద్ద ఇంటికి మారి, ఆరాధనకి రావడం తగ్గించారు. కొత్త ఇల్లు దూరం, ట్రాఫిక్ ఎక్కువ అన్నాడు అన్నయ్య. కొన్నాళ్ళకి పూర్తిగా అక్కడికి దగ్గర్లోనే ఇంకో సంఘంలో చేరారు. నన్ను దింపే పని మొదట్లో ఒకరిద్దరు తీసుకున్నారు. వాళ్ళకీ పిల్లలు, క్లాసులు ఉంటాయి. మెల్లగా నేనే బస్సు టైములు నేర్చుకున్నాను.

ఒకసారి వదిన పట్టుబట్టి పిలిస్తే కొత్త ఇంటికి వెళ్ళాను. స్టేషన్‌కి వచ్చి అన్నయ్యే తీసుకెళ్ళాడు. చాలా పెద్ద ఇల్లు. లోపల మాట్లాడితే గొంతు గోడలకు తగిలి వెనక్కి వచ్చేది. గదులన్నీ తిప్పి చూపించాడు. సగం గదుల్లో సామాను లేదు. ఒక గది తలుపు తీసి, "ఇది గెస్ట్ రూమ్ అమ్మా. నీ ఇష్టం వచ్చినప్పుడు వచ్చి ఉండు" అన్నాడు. మంచం మీద దుప్పటి ఇంకా ప్లాస్టిక్ కవరులోనే ఉంది.

కిందికి దిగుతుంటే మెట్ల మీద ఆగాడు.

"అక్క ఫోన్ ఎత్తుతుందమ్మా" అన్నాడు, నేను అడగకుండానే. "ఎత్తదని కాదు. బాగున్నావా అంటే బాగున్నానంటుంది. తిన్నావా అంటే తిన్నానంటుంది. ఇంక మాటే ఉండదు. అన్నం తిన్నావా అని అడగాలన్నా నాకే ఎలాగో ఉంటుంది."

ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు. భోజనం దగ్గర ముగ్గురం ఒక పెద్ద బల్లకి ఒక చివర కూర్చుని తిన్నాం. అన్నయ్య తిన్నంతసేపూ పక్క వీధిలో అమ్మకానికి వచ్చిన ఇంటి గురించి చెప్పాడు. వదిన మజ్జిగ పోస్తూ ఆయన మాటలు విననట్టే ఉంది. నేను వెళ్ళేముందు ఒక చిన్న కాగితం మీద అక్కగారి నంబరు రాసి నా చేతిలో పెట్టింది.

"ఆవిడ ఒకసారి నీ గురించి అడిగింది. వీలైతే మాట్లాడు" అంది.

చాలా రోజులు చెయ్యలేదు. ఏమని మాట్లాడాలి? ఒక శనివారం పొద్దున్న, చదవడానికీ వండుకోవడానికీ బుద్ధి పుట్టక చేశాను. అక్కడ సాయంత్రం. నేనెవరో చెప్పాను.

"నాటకం రాసిన అమ్మాయివా" అంది ఆవిడ. గొంతు మెత్తగా ఉంది, అన్నయ్యది ఈ గొంతేనని తెలుస్తోంది. "బాగుందమ్మా. ఒక్కటే నాకు నచ్చలేదు. ఆ ముసలామె చేత వెంటనే ఒప్పించేశావు."

"నాటకం చిన్నది కదండీ. టైము లేదు."

"నేను వెంటనే ఒప్పుకోలేదు. చాలా రోజులు కాదన్నాను."

అంత మంచి తోట వదులుకోవడం ఎవరికైనా కష్టమే కదా అన్నాను.

"తోట సంగతి కాదు" అంది. "వాడు అడిగిన మొదటిరోజే ఇచ్చేద్దామనుకున్నాను. వాడికి కాక ఎవరికిస్తాను? కానీ రోజూ ఫోన్ చేస్తున్నాడు కదా. నర్సులం, మేం ఎవరినైనా తిన్నావా, మందు వేసుకున్నావా అని అడుగుతాం కానీ మమ్మల్ని ఎవరడుగుతారు? సంతకం పెట్టిన మర్నాటినుంచి ఆ ఫోన్లు ఉండవని నాకు తెలుసు. అందుకే ఇవాళ కాదు, రేపు చూద్దాం అంటూ వచ్చాను. ఇంక మరీ బాగుండదని పెట్టేశాను."

బయట ట్రాఫిక్ చప్పుడు వినిపిస్తోంది ఆవిడ వైపు. ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు.

"వాడికి చెప్పకమ్మా" అంది. "వాడు తన తెలివితో ఒప్పించాననుకుంటున్నాడు. అలాగే అనుకోనీ."

నేను చెప్పలేదు. వదినకి కూడా చెప్పలేదు. ఆ తర్వాత అప్పుడప్పుడు ఆవిడకి ఫోన్ చేస్తున్నాను. ఏం వండుకున్నారు, ఎండలు ఎలా ఉన్నాయి, మోకాలికి వేడి కాపడం పెట్టారా, ఇవే మాటలు. ఆవిడ నా ఆఫీసు సంగతులు అడుగుతుంది. అర్థం కాకపోయినా చివరివరకూ వింటుంది. మాటల్లో పడ్డాక నవ్వుతుంది కూడా. కానీ నేను చేసిన ప్రతిసారీ, ఫోన్ ఎత్తి నా గొంతు గుర్తుపట్టగానే, కాస్త ఆగి ముందుగా ఒకటే అడుగుతుంది.

"ఏమైనా కావాలా అమ్మా?"

"ఏమీ వద్దండీ, ఊరికే చేశాను" అంటాను. నమ్మడానికి ఆవిడకి కాసేపు పడుతుంది. నేను లైన్లో అలాగే ఉంటాను.